‘ఇంట్లనే చేసిన’ అని చెప్పుకునుడు సగం అబద్ధమే

మొన్న మా మేనత్త కొడుకు కొత్తింటి దావత్‌కు మా పాత యెజ్డీ మోటర్ సైకిల్ మీద పోయిన. బండి స్టాండ్ ఎయ్యంగనే పిలగాండ్లు మూగిన్రు. ఒకడు సీటెక్కి కూసున్నడు, ఒకడు వీడియో తీస్తున్నడు, ఇంకొకడు బండి చుట్టూ రెండు రౌండ్లు తిరిగి, వంగి కిందంతా చూసి ‘బాబాయ్, దీనికి కిక్కే లేదేంది’ అన్నడు. గేర్ రాడ్‌నే లోపలికి నొక్కి పైకి తిప్పి చూపిస్తే ఆ పోరని మొఖం చూడాలె. ఒకటే రాడ్డు, పైకి తిప్పితే కిక్కు, వదిలేస్తే గేరు. ఈ ఒక్క ముచ్చట చాలు బండిని ఎవడూ ఎత్తుకపోడు అనడానికి. అదైనంక మా బామ్మర్ది వచ్చి ‘మొత్తం ఇంట్లనే చేసినవంట గదా బావా, మెకానిక్ లేకుండ’ అన్నడు. నేను కూడ కాలర్ ఎగరేసి ‘ఆఁ, ఇంట్లనే, రెండేండ్లు పట్టింది’ అన్న.

ఆ మాట అన్నంక బగారన్నం గొంతుల దిగలే. ఎందుకంటే అది సగం అబద్ధం. నిజంగ లెక్క తీస్తే ముప్పావు.

పాత బండ్లు తయారు చేసుడు ఈ మధ్య బాగ నడుస్తున్నది గదా, ఎవర్ని అడిగినా రెండే మాటలు చెప్తరు. హైదరాబాద్‌ల పెద్ద షాపుల పడేయ్, లక్షా లక్షన్నర పెట్టు, పెండ్లికొడుకు లెక్క తయారై వస్తది అనేది ఒకటి. వీడియోలు చూసుకుంట, టూల్‌కిట్ కొనుక్కొని అంతా మనమే చేసుకోవచ్చు, మెకానిక్‌లకు ఇస్తే ముంచుతరు అనేది రెండోది. నేను మొన్నటి దాక రెండో మతపోన్నే. ఇప్పుడు మాత్రం రెండూ తప్పే అంటున్న. బండిని బతికించేది షాపు కాదు, నేను కాదు, మన నల్గొండ గల్లీలల్ల ఇంకా మిగిలిన ఓ నలుగురైదుగురి చేతులు. అవి పోతే ఎన్ని లక్షలు పెట్టినా బండి రాదు.

ముందు బండి గురించి చెప్తా. 1979 మోడల్ యెజ్డీ 250, మా నాయినది. నాయిన పశువుల దవాఖాన్ల కాంపౌండర్, దేవరకొండ దిక్కు ఊర్లకు, తండాలకు వెనక క్యారేజీకి ఐస్ డబ్బ కట్టుకొని టీకాలకు పోయేటోడు. మైసూర్ల ఐడియల్ జావా కంపెనీ చేసిన బండి ఇది. 1961ల చెకొస్లోవేకియా జావా లైసెన్స్ మీద మొదలుపెట్టిన్రు, తర్వాత 1973 నుంచి యెజ్డీ అని సొంత పేరు పెట్టుకున్నరు. ఒక్కటే సిలిండర్, 65 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 75 స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ పోయే దూరం), లెక్కకు 250 సీసీకి ఇంత తక్కువ. కానీ సైలెన్సర్లు మాత్రం రెండు, అటొకటి ఇటొకటి. చిన్నప్పుడు రెండు పైపులు చూసి రెండు ఇంజన్లు ఉన్నయని ఊర్ల పిలగాండ్లతోటి పందెం కట్టి గెలిచిన కూడ. 1996ల కంపెనీ మూతబడ్డది. ఆ సంగతి మా నాయినకు పేపర్ల చదివి కాదు, క్లచ్ ప్లేట్లు దొరకనప్పుడు తెల్సింది. తర్వాత ఇంకొన్నేండ్లు ఎట్లనో నడిపిండు, రిటైర్ అయినంక బర్ల కొట్టంల ఓ మూలకు పెట్టి పరదా కప్పిండు. నాయిన పోయినంక కూడ అది అక్కడనే ఉండె. మొత్తం 17 ఏండ్లు.

బర్ల కొట్టంల బండి పెడితే ఏమైతదో చెప్పనా? పెండ, మూత్రం ఆవిరికి అల్యూమినియం మీద తెల్లగ బూజు లెక్క పొడి లేస్తది, గోకితే చిన్న చిన్న గుంటలు పడి ఉంటయ్. వైర్లన్నీ ఎలుకలు కొట్టేసినయ్. ఎయిర్ ఫిల్టర్ డబ్బల ఎలుక పిల్లలు పెట్టింది. ఒక సైలెన్సర్ కొసకు కుమ్మరి పురుగు మట్టితోటి మంచిగ ప్లాస్టరింగ్ చేసి పెట్టింది. ట్యాంక్ మూత తీస్తే పెట్రోల్ వాసన కాదు, పాత వార్నిష్ వాసన, లోపల తుప్పు పెచ్చులు.

ఇంట్ల నేను నిజంగ చేసింది ఏందంటే, ఇప్పడం. కడుగుడు. డబ్బలల్ల పెట్టి పేర్లు రాసుడు. ఇవి మాత్రం ఎవరైనా ఇంట్లనే చెయ్యాలె, దీంట్ల నాకు అనుమానమే లేదు. ఎందుకంటే మెకానిక్ దగ్గర ఇప్పితే పది బండ్ల నడుమ మీ బండి నట్లు పోతయ్, ఆయన తప్పు కాదు, జాగ తక్కువ. నేను ప్రతి నట్టు, వాషరు ఎక్కడిదో ఫోన్ల ఫొటో తీసి, స్వీట్ డబ్బలల్ల వేసి మార్కర్‌తోటి రాసిన. ట్యాంక్ లోపలి తుప్పు నిమ్మఉప్పుతోటి తీసిన. కిరాణ షాపుల దొరికేదే, లీటర్ వేడి నీళ్లకు ఓ 100 గ్రాములు కలిపి నిండుగ పోసి రెండు రోజులు పెడితే నీళ్లు టీ డికాషన్ రంగుకు వస్తయ్, పారబోసి వంట సోడా నీళ్లతోటి కడిగి, అప్పటికప్పుడు ఆరబెట్టి కొంచెం ఆయిల్ తిప్పాలె, లేకపోతే గంటల్నే మళ్ల తుప్పు పడ్తది. ఇంకో మాట, మా దిక్కు బోర్ నీళ్లతోటి ఇంజన్ కడగకండ్రి, ఆరినంక అంతా తెల్ల మచ్చలే, నాకు మళ్ల ఒక ఆదివారం దానికే పోయింది.

ఇంతవరకు బాగనే ఉన్నది. తర్వాతే నాకు పొగరు ఎక్కింది.

సిలిండర్ బోర్ కొట్టించి, అంటే లోపల అరిగిన గోడను గీకి కొంచెం వెడల్పు చేయించి, దానికి తగ్గట్టు 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్ తెచ్చుకున్న. చాచా (చాచా గురించి చెప్తా, ఆగుండ్రి) ‘ఫిట్టింగ్ నా కాడికి తీస్కరా బేటా’ అన్నడు. నేను ఆయనకు 500 ఎందుకియ్యాలె అనుకున్న. నిజంగ, గా 500 కోసమే. ఆదివారం పొద్దున వరండల చాప పర్సుకొని, పిస్టన్‌కు రింగులెక్కించి, ఆయిల్ రాసి, సిలిండర్ పైనుంచి దించుతున్న. ఒక రింగు దగ్గర ఆగింది. మెల్లగ అటిటు తిప్పి కొంచెం ఒత్తిన. ‘టిక్’ అన్నది. చిన్న చప్పుడు, పల్లి ఒలిచినట్టు. మంచిగ కూసున్నదిలే అనుకున్న. హెడ్ బిగించి నాలుగు కిక్కులు కొట్టిన, ఐదోదానికి రాడ్డు సగంల ఆగిపోయింది.

ఇప్పి చూస్తే రింగు రెండు ముక్కలు. టూ స్ట్రోక్ పిస్టన్ గాడిల చిన్న పిన్ను ఉంటది, రింగు రెండు కొసలు సరిగ్గ ఆ పిన్నుకు అటిటు కూసోవాలె. సిలిండర్ గోడకు పోర్టులు కిటికీల లెక్క ఉంటయ్ గదా, రింగు తిరిగి దాని కొస కిటికీ కాడికొస్తే తట్టుకొని విరుగుతది, అందుకే తిరగకుండ ఆ పిన్ను. నేను రింగు కొసను పిన్ను మీదికెక్కించి ఒత్తిన. విరిగిన ముక్క కొత్త బోరు మీద పైనుంచి కింది దాక ఒక గీత గీసింది, గోరు పెట్టి గుంజితే గోరు ఆగుతున్నది. అంటే ఆ పిస్టన్ పోయింది, మళ్ల బోర్ కొట్టాలె, 0.50 పిస్టన్ తేవాలె. 500 మిగిలియ్యబోతే 4,000 చిల్లర పోయినయ్. సిలిండర్‌కు ఉన్న ఆయుష్షుల కూడ ఒక మెట్టు పోయింది, అది పైసలతోటి వచ్చేది కాదు. ఓవర్‌సైజులు పావు పావు మిల్లీమీటర్ పెంచుకుంట పోతయ్, గోడ మందం ఎంతుంటే అంతవరకే.

చాచా నవ్వలే. తిట్టలే కూడ. సిలిండర్ ఎండకు పట్టి లోపలికి చూసి, ‘కనబడదు బేటా పిన్ను, చేతికి తెలుస్తది’ అన్నడంతే.

చాచాది క్లాక్ టవర్ నుంచి కొంచెం లోపలికి పోతే రేకుల షెడ్డు. డెబ్బైకి దగ్గర పడ్డడు. యెజ్డీ, జావా, రాజ్‌దూత్ తప్ప వేరేవి ముట్టడు, అంటే ఈ కాలంల పని లేనట్టే. ఆయన పని చూడాల్నంటే ఒక్కటి చెప్తా, టైమింగ్ పెట్టుడు. ఈ బండ్లకు ఎలక్ట్రానిక్ కాదు, పాయింట్లు, అంటే తెరుచుకొని మూసుకునే చిన్న స్విచ్చి లెక్కటిది. పిస్టన్ పూర్తిగ పైకి రాకముందే, కొన్ని మిల్లీమీటర్ల ముందు, పాయింట్ల నోరు తెరుచుకోవాలె, అప్పుడే ప్లగ్గుకు నిప్పు పడ్తది. నేను డయల్ గేజ్ ఆన్‌లైన్ల తెప్పించుకొని, మల్టీమీటర్ పెట్టి సాయంత్రమంత కుస్తీ పట్టిన. చాచా సిగరెట్ డబ్బల వెండి కాగితం తీసి, దాని వెనక ఉండే పల్చటి కాగితం గోరుతోటి ఒలిచి, ఆ ముక్క పాయింట్ల నడుమ పెట్టి, ఒక చేత్తోటి మెల్లగ గుంజి పట్టుకున్నడు, ఇంకో చేత్తోటి ఇంజన్ తిప్పుతున్నడు. కాగితం కదిలిన క్షణంల ఆపిండు. ‘గిక్కడ’ అన్నడు. నేను డయల్ గేజ్ పెట్టి చూసిన, ఎక్కడుండాల్నో అక్కడనే ఉన్నది. ఆ గేజ్‌కు నేను పెట్టింది 1,800. ఇప్పుడది షోకేస్‌ల ఉన్నది, నా పిలగాడు గడియారం అనుకుంటున్నడు.

రెండో మనిషి లేత్ మిషనాయన. యెజ్డీ క్రాంక్ (పిస్టన్ పైకీ కిందికీ పోతుంటే గుండ్రంగ తిరిగే ఇరుసు) బోల్టులతోటి బిగించేది కాదు, ప్రెస్ పెట్టి ఒత్తి కూర్చిన ముక్కలు. దాన్ని పిస్టన్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకొని పైకీ కిందికీ గుంజితే ‘టక్ టక్’ అని ఆడిందంటే బేరింగ్ అయిపోయినట్టు, మనదైతే తబలా లెక్క ఆడింది. దాన్ని ప్రెస్ మీద ఊడగొట్టి, కొత్త రాడ్ కిట్ వేసి, మళ్ల ఒత్తి, రెండు కొసలు ఒకే లైన్ల తిరుగుతున్నయా లేదా అని చూసి, ఇత్తడి సుత్తెతోటి దెబ్బ కొట్టి కొట్టి సరిచెయ్యాలె. వెంట్రుకంత తేడా ఉన్నా బండి మొత్తం వణుకుతది. ఇది ఏ వరండల అయితది చెప్పుండ్రి? ఆయన దుకాణం బతికేది కూడ మన బండ్లతోటి కాదు. బోరు మోటర్ల షాఫ్టులు, ట్రాక్టర్ పనులు, మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి వచ్చే సామాన్లు. ‘బైక్ సిలిండర్ బోర్ కొట్టి ఎన్ని దినాలాయె’ అని ఆయనే అన్నడు. ఎందుకు కొడ్తరు, కొత్త బండ్లకు సిలిండర్ అరిగితే పిస్టన్‌తోటి కలిపి కిట్టు మొత్తం మార్చేసుడే, చానా వాటికి లోపల గట్టి పూత ఉంటది, బోర్ కొట్టడానికే పనికి రావు. బోరింగ్ మిషన్ మూలకు పడ్డది, దాని మీద చాయ్ గిలాసలు పెడ్తున్నరు. ఆయన కొడుకు హైదరాబాద్‌ల క్యాబ్ నడుపుతడు. ఈయన చెయ్యి ఆగితే ఆ మిషన్ తూకానికి పోతది, తర్వాత మీ ఇంట్ల, నా ఇంట్ల ఎన్ని స్పానర్లున్నా ఏం లాభం?

మూడో మనిషిని దొరకబట్టుడే పెద్ద కథ. ట్యాంక్ మీద రంగు, క్రోమ్ కలిసే కాడ బంగారు గీత ఉంటది, లైనింగ్ అంటరు. స్టిక్కర్ వేసుకోవచ్చు, 150 రూపాయలు, రెండు వానలకు లేస్తది. మా పక్క గల్లీల ఒకప్పుడు షాపుల బోర్డులు, ఎలక్షన్ గోడలు రాసిన పెయింటర్ ఉన్నడు. ఫ్లెక్సీలు వచ్చినంక ఆయన పని పోయింది, ఇప్పుడు ఒక బట్టల షాపుల కూసుంటడు. అడిగితే ముందు రానన్నడు, చెయ్యి వణుకుతున్నది అన్నడు. తర్వాత ఒక రాత్రి షాపు మూసినంక సన్న కుంచె పట్టుకొని వచ్చిండు. ట్యాంక్‌ను నా ఒళ్లె పెట్టుకొని కూసోమన్నడు. ఊపిరి బిగబట్టి, చిటికెన వేలు ట్యాంక్ మీద ఆనించి, ఒకే గుంజుడుల ఇంత పొడుగు గీత. వణుకు ఎటు పోయిందో. రెండో దిక్కు గీత కొంచెం లావయింది. ఆయన తుడిచేస్తా అన్నడు, నేనే వద్దన్న. ఎంతియ్యాలె అంటే ‘నీ ఇష్టం’ అన్నడు. ఈ ‘నీ ఇష్టం’ అనే మాట వింటే నాకు ఇప్పుడు సిగ్గయితది. ఎందుకంటే మనకు తెల్సిన రేటు ఏదీ లేదు, మనం 200 ఇచ్చినా తీస్కుంటరు.

నా కొట్లాట అసలు ఇక్కడనే. ఈ రెండేండ్లల నేను పెట్టిన మొత్తం లెక్క పుస్తకంల రాసుకున్న, 71,000 చిల్లర. అండ్ల క్రోమ్, టైర్లు, సామాన్లు అన్నీ కలిపి 58,000 దాక అయినయ్. చేతిపని మొత్తం, చాచా, లేత్, టింకరింగ్, లైనింగ్, స్పోకులు కట్టిన ముసలాయన, అందరికీ కలిపి 13,000. ఇంతే. సామాన్ల దగ్గర మనం బేరం చెయ్యం, చెయ్యలేం. సామాన్లకు హైదరాబాద్ పుత్లీబౌలీకి పోతిమి, ఒక షాపాయన కంపెనీ పాత స్టాక్ అని ప్యాకింగ్ చూపించి ఇచ్చిన ఆయిల్ సీలు మూడు వారాలల్ల పెదవి విప్పింది, నోరు మూసుకొని ఇంకోటి కొన్న. ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి కొరియర్‌ల తెప్పించిన రబ్బర్లు సైజు రాకపోతే బ్లేడుతోటి కోసి సర్దుకున్న. 1996 నుంచి కంపెనీనే లేదు, ఒరిజినల్ అనే మాట ఎక్కువ మట్టుకు ప్యాకింగ్ మీదనే ఉంటది. గవ్విటికి మాత్రం కిక్కురుమనకుండ ఇస్తం. చేతిపని కాడికి వచ్చేవరకు ‘చాచా, 300 తగ్గియ్యి’. నేనూ అన్న ఆ మాట, అందుకే రాస్తున్న.

పాత బండి అంటే ఒరిజినల్ ఉండాలె, ప్రతి బోల్టు మైసూర్‌దే ఉండాలె అనేటోళ్లతోటి నాకు పెద్ద పేచీ లేదు, వాళ్ల ఓపికకు దండం. కానీ ట్యాంక్ సొట్ట ముచ్చట వినుండ్రి. కుడి దిక్కు ఒక సొట్ట ఉండె, ఓ తండల సూది ఏసేటప్పుడు బర్రె తన్నింది. నేను అది అట్లనే ఉంచుదామనుకున్న, నాయిన గుర్తు గదా అని, కొంచెం సినిమా ఫీలింగ్ కూడ వచ్చింది. అమ్మ వచ్చి చూసి ‘తియ్యిరా దాన్ని, ఆ బర్రె గలాయన మందు పైసలు కూడ ఇయ్యలే’ అన్నది. తీయించిన.

కాగితాల సంగతి తొందరగ చెప్తా. ఆర్సీ నాయిన పేరు మీద, ఏపీ కాలందాయె. చనిపోయిన ఓనర్ నుంచి వారసుల పేరు మీదికి ఫారం 31, రెన్యువల్‌కు ఫారం 25, 15 ఏండ్లు దాటింది కాబట్టి ఐదేండ్లకొకసారి ఫిట్‌నెస్ చూపించాలె, పైనుంచి గ్రీన్ ట్యాక్స్. తిరగాలె, అంతే. వింటేజ్ నంబర్ తీస్కోరాదు అని చానామంది అంటరు. 2021 జులైల కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం 50 ఏండ్లు దాటి, అసలు రూపంల ఉన్న బండికి ‘వీఏ’ సిరీస్ నంబర్ ఇస్తరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, పదేండ్లకు, తర్వాత రెన్యువల్‌కు 5,000. మాది 1979 కాబట్టి 2029 దాక ఆగాలె. ఆగినా నేను తీస్కోను. ఎందుకంటే ఆ నంబర్ బండిని రోజూ రోడ్డు మీద తిప్పొద్దు, ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోల్‌కు, రిపేర్‌కు, గంతే. ర్యాలీలకే పరిమితమైన బండి ఏడాదికోసారి చాచా దగ్గరకు పోతది. కూరగాయలకు పోయే బండి నెలకోసారి పోతది. చాచాకు ఏది మంచిది?

పెట్రోల్ ఇంకో తలకాయనొప్పి. ఇప్పుడొచ్చేదాంట్ల 20 శాతం ఇథనాల్, అది గాలిల తేమను గుంజుకుంటది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తది. అందుకే పైపులు కొత్తరకంవి వేసిన, వారం పైన బండి తియ్యను అనుకుంటే ట్యాంక్ కింది పెట్రోల్ కాక్ బందుపెట్టి కార్బురేటర్‌ల ఉన్నదంతా కాలిపోయేదాక నడిపి ఆపుత. టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోల్‌లనే కలిపి పోయాల్సిన టూ టీ ఆయిల్ బంకుల కలిపిచ్చే కాలం పోయింది, డిక్కిల బాటిల్ పెట్టుకొని లీటర్‌కు 40 మిల్లీల లెక్క నేనే పోస్త. మొన్న బంకుల పిలగాడు ‘అన్నా అన్నా, పెట్రోల్ ట్యాంక్ అది, ఆయిల్ పోస్తున్నవేంది’ అని ఉరికొచ్చిండు, పాపం.

అందుకే ఎవరన్నా ‘మా తాత రాజ్‌దూత్ ఉన్నది, ఏం చెయ్యాలె’ అని అడిగితే వీడియో లింకులు పంపుడు బందు చేసిన. ముందు మీ ఊర్ల క్రాంక్ ప్రెస్ కొట్టేటాయన ఉన్నడా చూసుకో, స్పోకులు కట్టేటాయన ఉన్నడా చూసుకో అంటున్న. మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకొండ, ఎక్కడైనా వెతికితే ఒకరో ఇద్దరో దొరుకుతరు, సైన్ బోర్డు ఉండదు, ఫోన్ల మ్యాప్‌ల దొరకరు, పాత పాలాయనలను అడగాలె. ఇప్పుడు ఇంట్ల ఇప్పి కడిగి పెట్టుకో, వచ్చే ఏడాది చేపిస్త అనుకోకు. స్పోకులు కట్టిన ముసలాయన నా రెండో చక్రం అయినంక నెలకే కండ్ల ఆపరేషన్ చేయించుకున్నడు, మళ్ల పనికి కూసోలే. ఊర్ల ఆ పని తెల్సినోళ్లు ఇప్పుడు ఎవ్వరు లేరు.

బండి మొదలు స్టార్ట్ అయిన రోజు నేను అమ్మను ఎక్కించుకొని పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం దాక పోయిన, దూరమేం లేదు. వచ్చేటప్పుడు చాచా షెడ్డు కాడ ఆపిన, చూపిద్దామని. నేను పొగడ్త కోసం నిలబడ్డ. చాచా బండి దిక్కు కూడ చూడలే, వెనకకు పోయి కింద కూసొని, రెండు అరచేతులు రెండు సైలెన్సర్ల వెనక పెట్టిండు, కొంచెం దూరంల. కండ్లు మూసిండు. అమ్మ నన్ను చూసి ‘ఏం చేస్తున్నడు’ అన్నట్టు సైగ చేసింది.

‘ఎడమది తక్కువ తంతుంది’ అన్నడు చాచా, చేతులు ప్యాంట్‌కు తుడుచుకుంట. ‘లోపల మసి, మట్టి ఉన్నయ్ ఇంకా. రేపు కాస్టిక్ సోడా పావు కిలో తీస్కరా.’

‘ఎంతైతది చాచా’ అనబోయి ఆగిన. ‘ఎన్ని గంటలకు రావాలె’ అని అడిగిన.